డిస్కు మారితే లెక్క మారుతుంది: సెక్టార్ సైజుపై పాఠకుల ప్రశ్నలు

ఒక డిస్కులోని సమాచారాన్ని మరో డిస్కులోకి మార్చుకోబోయి చిక్కుల్లో పడిన పాఠకుల ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. పైకి వేరువేరుగా కనిపించినా వాటిలో చాలావాటికి కారణం ఒక్కటే కాబట్టి, అయిదింటిని ఎంపిక చేసి ఒకేచోట జవాబులిస్తున్నాము.

ప్రశ్న: అయ్యా, మా స్టూడియోలో తీసిన పెళ్ళి వీడియోలన్నీ ఒక 4 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో దాచుకున్నాము. దాని యూఎస్‌బీ పోర్టు ఊడిపోవడంతో పై డబ్బా విప్పి, లోపలి డిస్కును డెస్క్‌టాప్‌లో సాటా కేబుల్‌కు నేరుగా తగిలించాము. విండోస్ అందులో 465 జీబీ పార్టిషన్ (డిస్కులో విడదీసిన భాగం) ఒకటి మాత్రమే ఉన్నట్టు చూపుతూ, దానిని ‘రా’ అని పేర్కొని, ఫార్మాట్ చేయమని అడుగుతోంది. ముందు రోజు వరకు డిస్కు చక్కగా పనిచేసింది. రికవరీ చేసేవారు చాలా పెద్ద మొత్తం అడుగుతున్నారు. డిస్కు పాడైనట్టేనా?
– ఫొటో స్టూడియో నిర్వాహకుడు, తెనాలి

జవాబు: ఫార్మాట్ చేయకండి, దోషాలను సరిచేసే చెక్‌డిస్క్ కూడా నడపకండి. మీరు రాసిన వివరాలలో డిస్కు పాడైన సూచన ఏదీ లేదు. 4 టీబీ డిస్కును విండోస్ తన లెక్కలో సుమారు 3,726 జీబీగా చూపుతుంది. ఆ సంఖ్యను ఎనిమిదితో భాగించి చూడండి, 465 వస్తుంది. మీకు కనిపిస్తున్న పార్టిషన్ సైజు కూడా అంతే కావడంలోనే అసలు సంగతి ఉంది.

డిస్కు తన నిల్వ మొత్తాన్ని సెక్టార్లనే సమాన భాగాలుగా విభజించి, సున్నా నుంచి వరుస సంఖ్యలు ఇస్తుంది. కంప్యూటర్ ఏది చదవాలన్నా, ఏది రాయాలన్నా ఆ సంఖ్యతోనే అడుగుతుంది. డిస్కు కంప్యూటర్‌కు తెలియజేసే సెక్టార్‌ను లాజికల్ సెక్టార్ అనీ, లోపల పళ్ళెం మీద వాస్తవంగా రాసుకునే సెక్టార్‌ను ఫిజికల్ సెక్టార్ అనీ అంటారు. పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడవుందో తెలిపే పట్టికలో ఉండేవి లాజికల్ సెక్టార్ల సంఖ్యలే తప్ప బైట్లు కావు. ఒక్కో సెక్టార్ ఎన్ని బైట్లో ఆ పట్టికలో ఎక్కడా రాసి ఉండదు. భూమి దస్తావేజులో విస్తీర్ణం 40 అని మాత్రమే రాసి కొలమానం రాయకపోతే, గుంటలలో లెక్కపెట్టే తెలంగాణలో అది ఒక ఎకరం అవుతుంది, సెంట్లలో లెక్కపెట్టే ఆంధ్రలో ఎకరంలో అయిదింట రెండు వంతులే అవుతుంది. మీ డిస్కుకు జరిగింది అలాంటిదే.

పాత ఎంబీఆర్ పద్ధతి పార్టిషన్ పట్టికలో సెక్టార్ సంఖ్యకు 32 బిట్లే చోటు ఉంటుంది. సెక్టార్ 512 బైట్లయితే ఆ సంఖ్యలతో 2.2 టీబీకి మించి చేరుకోవడం సాధ్యం కాదు. మామూలు 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీకి జీపీటీ అనే కొత్త పద్ధతి పట్టిక తెలియదు కాబట్టి, 3 టీబీ, 4 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కులు ఆ కంప్యూటర్లలోనూ పనిచేయాలని కొందరు తయారీదారులు ఒక ఉపాయం చేశారు. డబ్బాలో ఉండే చిన్న యూఎస్‌బీ సర్క్యూట్, లోపలి డిస్కు 512 బైట్ల సెక్టార్లు చెబుతున్నా, ఎనిమిదేసి సెక్టార్లను ఒకటిగా కలిపి కంప్యూటర్‌కు 4096 బైట్ల సెక్టార్లుగా చూపుతుంది. అప్పుడు అదే ఎంబీఆర్ పట్టికతో 17.6 టీబీ వరకు చేరుకోవచ్చు. డబ్బాలో ఉన్నంతకాలం ఈ ఏర్పాటు ఎవరికీ తెలియనే తెలియదు. డిస్కును బయటికి తీసి నేరుగా తగిలించినప్పుడే బయటపడుతుంది.

మీ డిస్కు పట్టికలో పార్టిషన్ 256వ సెక్టార్ దగ్గర మొదలైందని రాసి ఉందనుకోండి. డబ్బా లెక్కలో అది 10,48,576వ బైటు, అంటే సరిగ్గా ఒక మెగాబైటు దాటిన చోటు. సాటా లెక్కలో అదే 256వ సెక్టార్ 1,31,072వ బైటు దగ్గరికి వస్తుంది. విండోస్ అక్కడికి వెళ్ళి ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్ళను అమర్చుకునే ఫైల్ సిస్టమ్) ఆనవాలు కోసం చూస్తుంది, అది అక్కడ లేదు కాబట్టి ‘రా’, అంటే గుర్తించలేనిది, అంటుంది. పార్టిషన్ పొడవు కూడా అదే తప్పు కొలమానంలో లెక్కకు వచ్చి ఎనిమిదో వంతుకు కుదించుకుపోతుంది. మీ ఫైళ్ళు మాత్రం అసలు చోటు నుంచి ఒక్క బైటు కూడా కదలలేదు.

పరిష్కారాలలో సులువైనది, అదే మోడల్ డబ్బా మరొకటి సంపాదించి డిస్కును అందులో పెట్టడం. దొరకకపోతే లైనక్స్ లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్ డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్‌తో) కంప్యూటర్‌ను ప్రారంభించండి. అందులో లోసెటప్ అనే ఆదేశం ఉంటుంది. దానికి డిస్కు పేరు ఇచ్చి, సెక్టార్ సైజు 4096 అనీ, చదవడానికి మాత్రమే అనీ, పార్టిషన్లను కూడా గుర్తించమనీ మూడు ఆప్షన్లు ఇస్తే, డబ్బా చేసిన పనినే అది సాఫ్ట్‌వేర్‌లో చేసి పెడుతుంది. లైనక్స్ కెర్నల్ (దాని మూల భాగం) 4.14 గానీ అంతకంటే కొత్తది గానీ అయి ఉండాలి. ఇప్పుడు దొరికే లైవ్ యూఎస్‌బీలన్నీ దాదాపు అలాంటివే. ఆ తరువాత కనిపించే పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే మౌంట్ చేసి (తెరిచి), వీడియోలను మరో డిస్కులోకి కాపీ చేసుకోండి. అన్నీ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకనే పాత డిస్కును నేరుగా సాటా మీద కొత్తగా పార్టిషన్ చేయాలి. కొన్ని కంపెనీల డబ్బాలు సమాచారాన్ని తమ సర్క్యూట్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తాయి. మీది అలాంటిదైతే పై పద్ధతి ఫలించదు, ఆ రకం సర్క్యూట్‌నే వెతుక్కోవలసి ఉంటుంది. పార్టిషన్ పట్టిక మీకు అర్థవంతంగానే కనిపిస్తోంది కాబట్టి ఆ అవకాశం తక్కువ.

డెస్క్‌టాప్ డిస్కును యూఎస్‌బీ డాక్‌లో (డిస్కును బయటి నుంచి తగిలించే పరికరంలో) పెట్టి క్లోన్ (పూర్తి నకలు) చేసుకునేవారు కూడా ఇది గమనించాలి. డాక్ 4096 చూపేదైతే, క్లోన్ పూర్తయిందని సంతోషించి డిస్కును కంప్యూటర్ లోపల బిగించేసరికి అందులో ఏమీ కనిపించదు. చివరికి ఏ దారిన తగిలిస్తారో, క్లోన్ చేసేటప్పుడు కూడా అదే దారిన తగిలించడం మంచిది.

ప్రశ్న: మా కళాశాల ల్యాబ్‌లో ఒక కంప్యూటర్‌ను పూర్తిగా సిద్ధం చేసి, దాని డిస్కు ఇమేజ్‌ను (పూర్తి నకలును) మిగతావాటిలో దించుతూ ఉంటాము. ఈ ఏడాది వచ్చిన కంప్యూటర్లలో ఎన్‌వీఎమ్‌ఈ రకం ఎస్‌ఎస్‌డీ డిస్కులు ఉన్నాయి. మా క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ సెక్టార్ సైజులు సరిపోలడం లేదంటూ ఆగిపోతోంది. ఒక సహోద్యోగి లైనక్స్‌లోని డీడీ ఆదేశంతో డిస్కు మొత్తాన్ని కాపీ చేశారు. ఏ లోపమూ చూపకుండా పని పూర్తయింది గానీ కంప్యూటర్ బూట్ కాలేదు. సాఫ్ట్‌వేర్ సరైనదా, డీడీ సరైనదా?
– ల్యాబ్ నిర్వాహకుడు, హైదరాబాద్

జవాబు: సాఫ్ట్‌వేర్ సరైనది. కాపీ చేయనని చెప్పి అది మీకు మేలే చేసింది. డీడీ తనకు ఇచ్చిన బైట్లను వరుసగా తీసుకుపోయి అవతల పెడుతుంది, వాటి అర్థంతో దానికి నిమిత్తం లేదు. మీ పాత డిస్కు లాజికల్ సెక్టార్ 512 బైట్లు, కొత్తది 4096 బైట్లు అయి ఉంటుంది. అలాంటప్పుడు బైటుకు బైటు సరిపోయిన నకలు కూడా పనికిరాదు.

జీపీటీ పట్టిక శీర్షిక ఎప్పుడూ ఒకటో నంబరు సెక్టార్‌లో ఉండాలి. పాత డిస్కులో అది 512వ బైటు దగ్గర మొదలవుతుంది. డీడీ దానిని కొత్త డిస్కులోనూ 512వ బైటు దగ్గరే పెట్టింది. కొత్త కంప్యూటర్ ఫర్మ్‌వేర్ (ఆన్ చేయగానే నడిచే అంతర్గత ప్రోగ్రామ్) మాత్రం ఒకటో సెక్టార్ అంటే 4096వ బైటు దగ్గర వెతుకుతుంది. డిస్కు చివర ఉండే రెండో ప్రతి కూడా ఇదే కారణంగా దొరకదు. పట్టికను చేత్తో సరిదిద్ది సంఖ్యలన్నిటినీ ఎనిమిదితో భాగించవచ్చు కదా అని కొందరు ప్రయత్నిస్తారు, కానీ చిక్కు పట్టికతో ఆగదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ మొట్టమొదటి సెక్టార్‌లో 11, 12 స్థానాలలోని రెండు బైట్లు ‘ఒక సెక్టార్‌కు ఎన్ని బైట్లు’ అన్న విషయాన్ని చెబుతాయి. అక్కడ 512 అని ఉండగా డిస్కు 4096 అంటుంటే విండోస్ ఆ పార్టిషన్‌ను తెరవదు. ఆ రెండు బైట్లను మారిస్తే సరిపోదు, ఎందుకంటే ఫైల్ సిస్టమ్ లోపలి నిర్మాణాలు కూడా ఆ లెక్క మీదనే కట్టి ఉంటాయి.

బూట్ ఫైళ్ళుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్ విషయంలో మరో తిరకాసు ఉంది. అది ఫ్యాట్32 పద్ధతిలో ఉండాలి. ఫ్యాట్32 అనిపించుకోవడానికి కనీసం 65 వేల పైచిలుకు క్లస్టర్లు (ఫైళ్ళకు కేటాయించే చోటు ముక్కలు) కావాలి, ఒక క్లస్టర్ ఒక సెక్టార్ కంటే చిన్నది కాకూడదు. సెక్టార్ 4096 బైట్లయినప్పుడు లెక్క 256 ఎంబీకి చేరుతుంది. అందుకే ఇలాంటి డిస్కుల మీద ఈఎఫ్‌ఐ పార్టిషన్ కనీసం 260 ఎంబీ ఉండాలని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. మీ పాత ఇమేజ్‌లో అది 100 ఎంబీ ఉంటే ఉన్నదున్నట్టుగా దించడానికి వీలే లేదు.

మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది, కొత్త డిస్కు చేత 512 చెప్పించడం. ఎన్‌వీఎమ్‌ఈ డిస్కులు చాలావరకు తమకు ఏయే సెక్టార్ సైజులు వచ్చో ఒక జాబితా ఇస్తాయి. లైనక్స్‌లో ఎన్‌వీఎమ్‌ఈ అనే పేరుతోనే ఉన్న పరికరం ఆ జాబితాను చూపుతుంది, అందులో 512 ఉంటే డిస్కును దానికి మార్చి ఫార్మాట్ చేస్తుంది. ఆ ఫార్మాట్‌తో డిస్కులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఇమేజ్ దించడానికి ముందే ఆ పని ముగించాలి. ఇక మీ పాత ఇమేజ్ మార్పు లేకుండా పనిచేస్తుంది. పదుల సంఖ్యలో కంప్యూటర్లు సిద్ధం చేయవలసి ఉండి, జాబితాలో 512 ఉన్నట్టయితే నేను ఈ దారినే సూచిస్తాను. 512 మీద వేగం కొంత తగ్గుతుందని వాదించేవారు ఉన్నారు గానీ, విద్యార్థులు ప్రోగ్రాములు రాసుకునే ల్యాబ్‌లో ఆ తేడా కోసం ఇంత శ్రమ పడనవసరం లేదు.

రెండోది, సెక్టార్ల ఊసు లేకుండా ఫైళ్ళ స్థాయిలో మార్చడం. పాత కంప్యూటర్‌ను సిస్‌ప్రెప్ చేసి (ఆ యంత్రానికే ప్రత్యేకమైన గుర్తులను తీసివేసి), విండోస్ ఇన్‌స్టలేషన్ యూఎస్‌బీతో ప్రారంభించి, డిజ్మ్ ఆదేశంతో సీ డ్రైవ్‌ను ఒక విమ్ ఫైలుగా పట్టుకోవాలి. కొత్త డిస్కును జీపీటీగా మొదటి నుంచి పార్టిషన్ చేసి, ఈఎఫ్‌ఐకి 260 ఎంబీ లేదా 300 ఎంబీ కేటాయించి, విమ్‌ను దించి, చివరగా బీసీడీబూట్ ఆదేశంతో బూట్ ఫైళ్ళను రాయించాలి. విమ్‌లో ఉండేవి ఫైళ్ళు, వాటి అనుమతులు మాత్రమే కాబట్టి అది ఏ సెక్టార్ సైజు మీదికైనా దిగుతుంది. 4096 లాజికల్ సెక్టార్లున్న డిస్కు నుంచి బూట్ కావాలంటే విండోస్ 8 గానీ ఆ తరువాతిది గానీ అయి, కంప్యూటర్ యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూటింగ్ పద్ధతిలో నడవాలి. విండోస్ 7కు ఆ సామర్థ్యం లేదు.

ల్యాబ్‌లో లైనక్స్ కూడా ఉంటే దానికీ ఇదే సూత్రం. లైనక్స్ ఫైల్ సిస్టమ్ అయిన ఈఎక్స్‌టీ4 తన బ్లాకులను సాధారణంగా 4096 బైట్ల లెక్కనే పెట్టుకుంటుంది కాబట్టి పార్టిషన్‌ను ఒక్కదాన్నే కొత్త పట్టికలో సరైన చోట కాపీ చేస్తే తెరుచుకుంటుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ మాత్రం 512 సెక్టార్‌తో తయారై ఉంటే 4096 డిస్కు మీద మౌంట్ కాదు, దానిని కొత్తగా తయారుచేసి ఆర్‌సింక్ అనే కాపీ ఆదేశంతో ఫైళ్ళు మార్చుకోవలసిందే.

ఏది ప్రారంభించే ముందైనా రెండు డిస్కుల లెక్కా చూసుకోవడానికి నిమిషం పట్టదు. విండోస్ పవర్‌షెల్‌లో గెట్-డిస్క్ ఆదేశం ఇచ్చి లాజికల్ సెక్టార్ సైజు, ఫిజికల్ సెక్టార్ సైజు అనే రెండు గడులనూ అడగండి. లైనక్స్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆదేశానికి లాగ్-సెక్, ఫై-సెక్ గడులు చూపమనండి. క్లోన్ విషయంలో పోల్చవలసింది లాజికల్ సంఖ్యనే. అది రెండింటిలోనూ ఒకటైతే ఫిజికల్ సంఖ్య వేరైనా క్లోన్ పనిచేస్తుంది.

ప్రశ్న: ఇన్నేళ్ళుగా 512తో సాగిపోతుండగా 4096ను ఎందుకు తెచ్చారు?
– డిప్లొమా విద్యార్థి, కాకినాడ

జవాబు: చోటు కోసం. హార్డ్ డిస్కు ప్రతి సెక్టార్ ముందు కొంత ఖాళీ, ఒక గుర్తు, వెనుక దోషాలను సవరించే సంకేతం రాసుకుంటుంది. 512 బైట్ల సెక్టార్‌కు ఆ సంకేతం సుమారు 50 బైట్లు పడుతుంది, అంటే ఎనిమిది సెక్టార్లకు 400. వాటిని ఒకే 4096 బైట్ల సెక్టార్‌గా చేస్తే 100 బైట్లతోనే అంతకంటే మెరుగైన సవరణ సాధ్యమవుతుంది. డిస్కు ఉపరితలంలో అసలు సమాచారానికి దక్కే వాటా సుమారు 88 శాతం నుంచి 97 శాతానికి పెరుగుతుంది. వెస్టర్న్ డిజిటల్ 2009 చివర్లో ఇలాంటి డిస్కులను మార్కెట్లోకి తెచ్చింది. తయారీదారుల సంఘమైన ఐడీమా 2011 జనవరిని అందరూ మారవలసిన గడువుగా పెట్టుకుంది. పాత సాఫ్ట్‌వేర్‌తో గొడవ రాకుండా చాలా డిస్కులు లోపల 4096 ఉంచుకుని బయటికి 512 అనే చెబుతున్నాయి. వీటిని 512ఈ అంటారు, లేబుల్ మీద ఏఎఫ్ గుర్తు ఉంటుంది. లోపలా బయటా 4096 అనే చెప్పేవి 4కేఎన్ రకం, వాటి గుర్తులో ఆ పేరే ఉంటుంది. ఇంటి కంప్యూటర్‌కు పాత డిస్కును క్లోన్ చేయాలని కొత్తది కొంటున్నవారు 512ఈ రకాన్నే అడిగి తీసుకోవడం క్షేమం.

ప్రశ్న: ఒక 4కేఎన్ డిస్కు పూర్తి ఇమేజ్‌ను ఫైలుగా తీసి సర్వర్‌లో భద్రపరిచాను. ఇప్పుడు దానిని లైనక్స్‌లో తెరవబోతే పార్టిషన్లు ఏవీ కనిపించడం లేదు. ఫైలు చెక్‌సమ్ (అది మారలేదని చూపే సంఖ్య) మాత్రం సరిగానే ఉంది. ఎక్కడ పొరపాటు జరిగింది?
– సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేస్తున్న పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఇమేజ్‌లో పొరపాటు లేదు, అందులో ఒక వివరం లేదు. ముడి ఇమేజ్ ఫైలులో డిస్కులోని బైట్లుంటాయే తప్ప ఆ డిస్కు సెక్టార్ సైజు ఎంతో ఉండదు. ఆ సంగతి చెప్పేది డిస్కు ఫర్మ్‌వేర్, అది ఫైలులోకి రాలేదు. ఫైలును డిస్కులా చూపే లైనక్స్ లూప్ డివైజ్‌కు మీరేమీ చెప్పకపోతే 512 అనే అనుకుంటుంది. తెనాలి పాఠకుడికి సూచించిన లోసెటప్ పద్ధతే ఇక్కడా పనికొస్తుంది, డిస్కు పేరు బదులు ఇమేజ్ ఫైలు పేరు ఇవ్వండి. క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌లో వర్చువల్ మెషీన్‌కు తగిలించేటట్లయితే లాజికల్ బ్లాక్ సైజు, ఫిజికల్ బ్లాక్ సైజు రెండింటినీ 4096గా ఇవ్వాలి. అలాంటి పనికే మైక్రోసాఫ్ట్ హైపర్-వీ వాడేవారు వర్చువల్ డిస్కుగా పనిచేసే వీహెచ్‌డీ ఫైలులోకి మార్చబోతే కుదరదు, ఆ పాత ఫార్మాట్‌కు 512 తప్ప మరొకటి తెలియదు. విండోస్ సర్వర్ 2012తో వచ్చిన వీహెచ్‌డీఎక్స్ ఫార్మాట్ మాత్రం లాజికల్ సెక్టార్ సైజును తనలోనే నమోదు చేసుకుంటుంది. ముడి ఇమేజ్‌లనే దాచుకునే అలవాటుంటే, ఫైలు పేరులోనే డిస్కు మోడల్ పక్కన ‘4096’ అని చేర్చండి. నాలుగేళ్ళ తరువాత ఆ ఫైలును తెరిచేది మీరే కాకపోవచ్చు.

పాడవుతున్న డిస్కు నుంచి డీడీరెస్క్యూతో ఇమేజ్ తీసేవారికి కూడా ఇక్కడే ఒక మాట. ఆ పరికరం సెక్టార్ 512 అనుకుని మొదలుపెడుతుంది. 4కేఎన్ డిస్కుకు సెక్టార్ సైజు ఆప్షన్‌లో 4096 ఇవ్వండి. 512ఈ డిస్కులో సైతం ఒక ఫిజికల్ సెక్టార్ చెడిపోతే ఎనిమిది లాజికల్ సెక్టార్లూ ఒకేసారి చదవరాకుండా పోతాయి కాబట్టి, చావుబతుకుల్లో ఉన్న డిస్కు చేత అదే చోటును ఎనిమిదిసార్లు చదివించకుండా 4096 ఇవ్వడమే మేలు.

ప్రశ్న: మా దుకాణంలో లెక్కల కోసం వాడుతున్న ఎక్స్‌పీ కంప్యూటర్ డిస్కును కొత్త 1 టీబీ డిస్కులోకి క్లోన్ చేయించాము. అన్నీ తెరుచుకుంటున్నాయి గానీ పాత డిస్కు కంటే నెమ్మదిగా నడుస్తోంది. కొత్త డిస్కు నాసిరకమా?
– ఎరువుల దుకాణదారు, ఖమ్మం

జవాబు: డిస్కు మంచిదే అయి ఉంటుంది. ఎక్స్‌పీ మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టార్ దగ్గర మొదలుపెడుతుంది. 63ను 512తో గుణిస్తే 32,256, అది 4096తో నిశ్శేషంగా భాగం కాదు. కొత్త డిస్కు 512ఈ రకం కావడంతో ఎక్స్‌పీ రాసే ప్రతి 4096 బైట్ల ముక్కా లోపలి రెండు ఫిజికల్ సెక్టార్ల మీదికి పరచుకుంటోంది. డిస్కు ఆ రెండింటినీ ముందు చదివి, మార్చి, తిరిగి రాయవలసి వస్తోంది. క్లోన్ పాత స్థానాన్ని యథాతథంగా తెచ్చిపెట్టింది. మొదట లెక్కల ఫైళ్ళను పెన్ డ్రైవ్‌లోకి తీసి ఉంచుకోండి. ఆ తరువాత పార్టిషన్లను మార్చే జీపార్టెడ్ లైవ్ యూఎస్‌బీతో ఆ పార్టిషన్ ఆరంభాన్ని 2048వ సెక్టార్‌కు, అంటే ఒక మెగాబైటు సరిహద్దుకు జరపండి. విస్టా నుంచి విండోస్ తానుగా పాటిస్తున్న స్థానం అదే. జరపడం పూర్తయ్యాక ఎక్స్‌పీ బూట్ కాకపోతే, దాని సీడీలోని రికవరీ కన్సోల్ నుంచి ఫిక్స్‌బూట్ నడిపించవలసి రావచ్చు, కాబట్టి సీడీ దగ్గర పెట్టుకునే మొదలుపెట్టండి. జరుపుతున్నంతసేపు కరెంటు పోకూడదు. యూపీఎస్ లేకపోతే ఎక్కడైనా అరువు తెచ్చుకోండి.